బట్ట ముడతల కోడ్, లైసెన్స్ చిక్కుముడులు

త్రీడీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చే కొత్త ఫీచర్లలో బట్ట సిమ్యులేషన్ అంత త్వరగా జనాన్ని ఆకట్టుకునేది ఇంకోటి ఉండదేమో. జెండా రెపరెపలాడుతుంది, తెర జారి కుప్పగా పడుతుంది, పాత్ర మోచేయి మడిస్తే చొక్కా చేతి మీద ముడతలు పడతాయి. అర నిమిషం వీడియో చూపిస్తే చాలు, వెంటనే కలిపేయమని అందరూ వెంటపడతారు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఆ ప్యాచ్‌ను, అంటే కలపమని పంపిన కోడ్‌ను, పరిశీలించే మెయింటెయినర్ మాత్రం ముడతల సంగతి పక్కనబెట్టి, లోపల లెక్కలు సాధించే కోడ్‌ను చూపించి, "ఈ సాల్వర్ ఎక్కడి నుంచి తెచ్చారు?" అని అడుగుతాడు. నెలల తరబడి కష్టపడి రాసిన మనిషికి చిరాకు పుట్టించే ప్రశ్నే. అయినా ముందు తేలాల్సింది అదే.

ఎందుకంటే బట్ట కోడ్‌ను ఒకసారి విడుదల చేశాక, దాన్ని చప్పుడు కాకుండా తీసేసి ఆ చోట ఇంకోటి పెట్టడం కుదరదు. లైసెన్స్ సరిపడదని ఏడాది తర్వాత తేలితే, అప్పటికే దాంతో షాట్లు చేసుకున్న ప్రతి ఒక్కరి పనీ దెబ్బతింటుంది. అదెలాగో చెప్పే ముందు, అసలు ఆ కోడ్‌లో ఏముంటుందో చూడాలి. లైసెన్స్ ఇబ్బంది సాధారణంగా జనం అనుమానించే చోట ఉండదు.

కంప్యూటర్ దృష్టిలో బట్ట అంటే బిందువుల వల. ప్రతి బిందువుకూ కాస్త బరువు ఉంటుంది, చుట్టుపక్కల బిందువులతో దాన్ని స్ప్రింగులు కలుపుతాయి. నిలువుగా, అడ్డంగా ఉండే స్ప్రింగులు బట్టను సాగిపోనివ్వవు. ఐమూలగా ఉండేవి పక్కకు ఒరిగిపోకుండా పట్టుకుంటాయి. ఒక బిందువును వదిలేసి దాని తర్వాతి బిందువును కలిపేవి, మడత పడేటప్పుడు కాస్త బిగువు చూపిస్తాయి. నిలువున 100, అడ్డంగా 100 బిందువులున్న చిన్న గుడ్డ ముక్కనే తీసుకుంటే, బిందువులు 10,000. స్ప్రింగుల లెక్క మొదటి రకం 19,800, ఐమూలవి 19,602, మడతలవి 19,600. అన్నీ కలిపి 59,002. ఒక చొక్కాకు ఇంతకు కొన్ని రెట్లు కావాలి.

ఈ క్షణాన ఉన్న బలాలను బట్టి తర్వాతి క్షణానికి బిందువులను జరపడం తేలికైన పద్ధతి. కాలేజీ విద్యార్థి ఒక సాయంత్రంలో రాసేయగలడు. కానీ నిజమైన బట్ట సాగదు కాబట్టి స్ప్రింగులు చాలా గట్టిగా ఉండాలి. గట్టి స్ప్రింగులతో ఈ పద్ధతి అదుపు తప్పుతుంది, బట్ట పేలిపోయినట్టు బిందువులు నలుదిక్కులకూ ఎగిరిపోతాయి. అలా కాకూడదంటే ఒక్కో ఫ్రేమ్‌ను వందలాది చిన్న అడుగులుగా చీల్చాలి. 1998లో సిగ్గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో డేవిడ్ బరాఫ్, ఆండ్రూ విట్కిన్ ప్రచురించిన పత్రం ఈ ఇబ్బందికి దారి చూపించింది. తర్వాతి క్షణంలో ఉండబోయే బలాలను కూడా లెక్కలోకి తీసుకుని, అన్ని బిందువుల వేగాలనూ ఒకేసారి సాధించడం అందులోని కిటుకు. పెద్ద అడుగు వేసినా బట్ట నిలకడగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన బట్ట సిమ్యులేషన్లలో చాలావరకు ఏదో ఒక రకంగా దానికి బాకీ పడ్డవే.

అయితే అన్నీ ఒకేసారి సాధించాలంటే పెద్ద మాత్రిక కావాలి. మన గుడ్డ ముక్కకే అది 30,000 వరుసలు, 30,000 నిలువులు. మొత్తం 90 కోట్ల గళ్లు. ఒక్కో గడికి 8 బైట్లు వేసుకున్నా 7.2 జీబీ మెమరీ. కానీ అందులో దాదాపు అంతా సున్నాలే. సౌష్ఠవం వల్ల సగమే దాచుకుంటే సరిపోతుంది కాబట్టి, నిజంగా దాచాల్సినవి 3×3 ముక్కలు 69,002, అంటే 6.2 లక్షల సంఖ్యలు. 5 ఎంబీలోపే సరిపోతుంది. ఈ సున్నాలను తెలివిగా వదిలేసి సమీకరణాలను సాధించే కోడ్‌నే సాల్వర్ అంటారు. బట్టకు సంబంధించిన అసలు భౌతికశాస్త్రం కొన్ని వందల లైన్లలో అయిపోతుంది. మిగతాదంతా ఇలాంటి సహాయక సరంజామా. సాల్వర్ ఒకటి, బట్ట శరీరంలోకి దూరిపోకుండా చూసే తాకిడి లెక్క ఒకటి, బట్ట తనను తాను తాకినప్పుడు ఏం చేయాలో చెప్పేది మరొకటి, కత్తిరింపు ఆకారాన్ని త్రిభుజాలుగా విడగొట్టేది ఇంకొకటి. లైసెన్స్ ఇబ్బందులు వచ్చేది ఈ సరంజామాలోంచే.

పత్రంలో ఉన్న పద్ధతి ఎవరి సొత్తూ కాదు, కనీసం కాపీరైట్ విషయంలో. ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందం 9(2) అధికరణ ఈ మాట నేరుగానే చెబుతుంది. కాపీరైట్ రక్షణ వ్యక్తీకరణకే తప్ప ఆలోచనలకు, పద్ధతులకు, గణిత భావనలకు ఉండదు. అదే ఒప్పందం 10వ అధికరణ కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచనలాగే కాపాడాలంటుంది. ఈ రెండింటి మధ్యే మొత్తం వ్యవహారం నడుస్తుంది. బరాఫ్, విట్కిన్ సమీకరణాలు చదివి ఎవరైనా సొంతంగా కోడ్ రాసుకోవచ్చు. ఆ సమీకరణాలకు వేరే ఎవరో రాసిన కోడ్‌ను తెచ్చుకోవాలంటే మాత్రం వాళ్ల అనుమతి కావాలి.

చెప్పడానికి ఇంత తేలిగ్గా ఉన్నా, పనిలో గీత చెరిగిపోతూ ఉంటుంది. ప్రోగ్రామర్ పత్రం చదువుతాడు, ఒక సమీకరణం దగ్గర ఆగిపోతాడు, పత్రం రాసినవాళ్లు పేజీలో పెట్టిన కోడ్ తెరిచి చూస్తాడు. అక్కడ మూడు ఫంక్షన్లు బాగా కుదిరాయనిపిస్తుంది. వాటిని తెచ్చి వేరియబుల్ పేర్లు మార్చుకుంటాడు. ఆరు నెలల తర్వాత ప్యాచ్ పంపేటప్పుడు, ఆ ఫంక్షన్లు తాను రాసినవేనని నిజాయితీగానే నమ్ముతాడు. ఇందులో దొంగబుద్ధి ఏమీ లేదు, ఎక్కడి నుంచి ఏం వచ్చిందో రాసిపెట్టుకునే అలవాటు లేదంతే.

ఇలా చేరే కోడ్‌లో అందరికీ తెలిసిన ఉదాహరణ న్యూమరికల్ రెసిపీస్. సైన్స్, ఇంజినీరింగ్ చదివిన ఒక తరానికి సంఖ్యాగణిత పద్ధతులు నేర్పిన పుస్తకం అది. కాంజుగేట్ గ్రేడియంట్ సాల్వర్ కావాలన్నా, సమీకరణ మూలాలు వెతకాలన్నా దాన్నే తెరిచేవాళ్లు. పుస్తకం కొన్నవాళ్లు అందులోని కోడ్‌ను తమ సొంత వాడకానికి టైప్ చేసుకోవచ్చు. సోర్స్ రూపంలో పది మందికీ పంచిపెట్టడానికి మాత్రం దాని లైసెన్స్ ఒప్పుకోదు. సోర్స్ పంచడమే పనిగా పెట్టుకున్న ప్రాజెక్టులో దానికి చోటుండే ప్రశ్నే లేదు. అయినా ఆ పుస్తకం పోలికలున్న ఫంక్షన్లు పాత పరిశోధన కోడ్‌లో కనిపిస్తూనే ఉంటాయి. పైన దాదాపు ఏ షరతూ పెట్టని ఎంఐటీ లైసెన్స్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపలి ముక్క ఎంఐటీ అయిపోదు. తనది కానిదాన్ని ఎవరూ దానం చేయలేరు కదా.

త్రిభుజాలుగా విడగొట్టే పని కూడా అంతే. జొనాథన్ షూచుక్ రాసిన ట్రయాంగిల్ అనే ప్రోగ్రాం నాణ్యతలో పేరున్నది, సోర్స్ కూడా అందరికీ కనిపిస్తుంది. కానీ వాణిజ్య ఉత్పత్తుల్లో చేర్చాలంటే రచయితతో విడిగా మాట్లాడుకోవాలని షరతు ఉంది. అందుకే లైనక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వరుసలో కాకుండా నాన్‌ఫ్రీ విభాగంలో ఉంచింది. బట్ట కోసం రూపొందిన ఆర్క్‌సిమ్ సంగతీ ఇలాంటిదే. బర్క్లీలో తయారైన ఆ సిమ్యులేటర్, ముడత పడే చోట త్రిభుజాలను చిన్నవి చేస్తూ, చదునుగా ఉన్న చోట పెద్దవి చేస్తూ పోతుంది. చాలా అందమైన పని. దాని లైసెన్స్ చదువుకోడానికి, పరిశోధనకు, లాభాపేక్ష లేని వాడకానికి ఉచితం అంటుంది. వాణిజ్యానికి విశ్వవిద్యాలయం లైసెన్సింగ్ ఆఫీసును కలవాలి.

ఈ 'లాభాపేక్ష లేని' మాట దగ్గరే ఎక్కువ గొడవలు జరుగుతాయి. మా ప్రాజెక్టు ఉచితమే కదా, మేం దేన్నీ అమ్మడం లేదు కదా, మాకేమి అడ్డం అనే వాదన తరచూ వినిపిస్తుంది. తప్పు అక్కడే. జీపీఎల్ అంటే, సోర్స్‌ను ఎవరైనా చదివి, మార్చి, అవే షరతులతో పంచుకోవచ్చనే లైసెన్స్. దాని కింద విడుదలైన సాఫ్ట్‌వేర్‌ను తీసుకునే ప్రతి ఒక్కరికీ దేనికైనా వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కుతో సహా ముట్టాలి. జీపీఎల్‌లో లేని అదనపు షరతును దాని మీద పెట్టడానికి ఆ లైసెన్స్ ఒప్పుకోదు. జీపీఎల్ కింద వచ్చే త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌తో సినిమా తీసే స్టూడియో డబ్బు కోసమే తీస్తుంది. ఆ స్టూడియో బట్ట బటన్ నొక్కినప్పుడు మాత్రం లాభాపేక్ష లేని పని మాత్రమే చేయాలనడం ఎలా? రెండు షరతులూ ఒకే ప్రోగ్రాంలో ఇమడవు. ప్రాజెక్టు ఉచితమా కాదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. దాన్ని అందుకున్న మూడో మనిషి ఏం చేయొచ్చు అన్నదే లెక్క.

బ్లెండర్ ఈ విషయంలో పట్టుదలగా ఉండటానికి చరిత్ర కూడా కారణం. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడ్డాక, బ్లెండర్ సృష్టికర్త టాన్ రూసెండాల్ నడిపిన విరాళాల ఉద్యమం 2002లో కొద్ది వారాల్లోనే లక్ష యూరోలు పోగుచేసి ఆ కోడ్‌ను విడిపించింది. ఆ ఏడాది అక్టోబర్ 13న జీపీఎల్ కింద విడుదల చేశారు. జనం డబ్బు పెట్టి కొన్న స్వేచ్ఛను ఒక ఫీచర్ కోసం పలచన చేసుకోవడం వాళ్లకు ఇష్టముండదు. బట్ట సిమ్యులేషన్ 2008లో 2.46 వెర్షన్‌తో అందులోకి వచ్చింది.

పొత్తు కుదిరే లైసెన్సులూ చాలానే ఉన్నాయి. ఎర్విన్ కూమన్స్ మొదలుపెట్టిన బుల్లెట్ ఫిజిక్స్ జెడ్‌లిబ్ లైసెన్స్‌తో వస్తుంది. అందులో మెత్తటి వస్తువుల, బట్టల సిమ్యులేషన్ ఉంది, జీపీఎల్‌తో పేచీ లేదు. యాన్ బెండర్ నిర్వహించే పొజిషన్ బేస్డ్ డైనమిక్స్ లైబ్రరీ ఎంఐటీ. అపాచీ 2.0 అనే లైసెన్స్ దగ్గర మాత్రం కాస్త ఆగి చూడాలి. జీపీఎల్‌ను రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ లెక్క ప్రకారం అది జీపీఎల్ మూడో వెర్షన్‌తో కలుస్తుంది, రెండో వెర్షన్‌తో కలవదు. బ్లెండర్ సొంత ఫైళ్ల మీద 'రెండో వెర్షన్ లేదా ఆ తర్వాతిది' అని ఉండటం వల్లే అపాచీ లైబ్రరీలతో కలిపి, మొత్తాన్ని మూడో వెర్షన్ కింద ఇవ్వగలుగుతోంది. 'లేదా ఆ తర్వాతిది' అన్న ఆ మూడు మాటలు లేకపోతే ఇవాళ చాలా తలుపులు మూసుకుపోయి ఉండేవి. రెండో వెర్షన్‌కే కట్టుబడిన ప్రాజెక్టులకు ఆ వెసులుబాటు లేదు.

ఈ పొత్తు రెండు వైపులా పనిచేయదు. ఎంఐటీ కోడ్‌ను జీపీఎల్ ప్రాజెక్టు తీసుకోవచ్చు. జీపీఎల్ కోడ్‌ను ఎంఐటీ ప్రాజెక్టు తీసుకుంటే మొత్తం జీపీఎల్ షరతుల కిందికి పోతుంది. అందుకే గోడో గేమ్ ఇంజిన్‌లోని కోడ్‌ను బ్లెండర్ వాడుకోగలదు కానీ, బ్లెండర్ బట్ట కోడ్‌ను గోడో తన ఇంజిన్‌లో కలుపుకోలేదు. దానితో గేమ్ తయారుచేసేవాళ్లు సోర్స్ మూసుకునే వీలుండాలన్నది గోడో మాటిచ్చిన విషయం. బ్లెండర్ వాళ్లు బట్ట ఫైళ్లకు మాత్రం లైసెన్స్ మార్చి ఇవ్వొచ్చు కదా అంటే, ఏళ్లుగా వాటిలో చేయి పెట్టిన ప్రతి ఒక్కరి కాపీరైట్ ఎవరిది వాళ్ల దగ్గరే ఉంది. అందరినీ వెతికి ఒప్పించాలి. బ్లెండర్‌లో దృశ్యాన్ని తుది చిత్రంగా మార్చే సైకిల్స్ రెండర్ ఇంజిన్‌ను 2013లో జీపీఎల్ నుంచి అపాచీ 2.0కు మార్చగలిగారంటే, అప్పటికి అది వచ్చి రెండేళ్లే. పదిహేనేళ్ల కోడ్‌కు అదే పని చేయాలంటే తల ప్రాణం తోకకు వస్తుంది.

పెద్ద కంపెనీ ఇచ్చింది కాబట్టి లైసెన్స్ సరిగ్గానే ఉంటుందనుకోవడానికీ లేదు. పిక్సార్ 2012లో, త్రీడీ ఉపరితలాలను నునుపు చేసే తన లైబ్రరీ ఓపెన్‌సబ్‌డివ్‌ను విడుదల చేసినప్పుడు దాని మీద ఉన్నది మైక్రోసాఫ్ట్ పబ్లిక్ లైసెన్స్. అది స్వేచ్ఛా లైసెన్సే, కానీ జీపీఎల్‌తో కలవదు. తర్వాత పిక్సార్ దాన్ని కొద్దిగా సవరించిన అపాచీ 2.0కు మార్చింది, జీపీఎల్ ప్రాజెక్టులకు దారి తెరుచుకుంది. కోడ్‌లో ఒక్క లైన్ మారకుండానే అది వాడదగినదైపోయింది. అడిగితే మారుస్తారన్న ఆశకు ఇలాంటివే ఆధారం.

అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. పరిశోధకుల పేజీల్లో కనిపించే కోడ్‌లో చాలాదానికి లైసెన్స్ ఫైలే ఉండదు. అందరికీ కనబడేలా పెట్టారు కాబట్టి వాడుకోవచ్చని కొందరు అనుకుంటారు. చట్టం దానికి పూర్తిగా ఎదురు. లైసెన్స్ ఏమీ రాయకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే. రచయితకు మెయిల్ పంపితే, 'సంతోషం, వాడుకోండి' అని జవాబు వస్తుంది. మర్యాదగా ఉంటుంది కానీ ప్రాజెక్టుకు అక్కరకు రాదు. ఏ ఫైళ్లు, ఏ లైసెన్స్, మార్చుకోవచ్చా, ఇంకొకరికి ఇవ్వొచ్చా అన్నవేవీ అందులో తేలలేదు. పైగా హక్కు ఆయనదో కాదో కూడా తెలియదు. సహ రచయితలు ఉండొచ్చు. కోడ్ విశ్వవిద్యాలయానిది కావచ్చు. మెయిల్ జవాబుతో సరిపెట్టుకోకుండా, ఆయన కోడ్ ఉంచిన రిపోజిటరీలోనే లైసెన్స్ ఫైల్ పెట్టమని అడగడం అన్నిటికన్నా మేలు. అప్పుడు అనుమతి ఒక్కరి ఇన్‌బాక్స్‌లో కాకుండా, కోడ్ పక్కనే అందరికీ కనిపిస్తూ ఉంటుంది.

అడిగినా జవాబు రాకపోతే తిరగరాయడమే. బట్ట విషయంలో ఇది జనం అనుకున్నంత కష్టం కాదు. పత్రాలు వివరంగా ఉన్నాయి. తాకిడికి రాబర్ట్ బ్రిడ్సన్ బృందం 2002 పత్రం ఉంది, మాథియాస్ ముల్లర్ బృందం 2006లో తెచ్చిన పొజిషన్ బేస్డ్ పద్ధతికైతే మాత్రికే అక్కర్లేదు. షరతు ఒక్కటే, రాసేవాళ్లు ఆ పాత కోడ్ తెరిచి చూడకూడదు. చూసినవాళ్లు పద్ధతిని మామూలు మాటల్లో రాసి ఇవ్వాలి, చూడనివాళ్లు దాన్నిబట్టి కోడ్ రాయాలి. 1980ల్లో ఐబీఎం పీసీకి సరిపోయే బయాస్‌ను, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే మూల ప్రోగ్రాంను, కాంపాక్ ఈ దారినే తయారుచేసుకుంది. ఇద్దరు ముగ్గురు వాలంటీర్లతో నడిచే ప్రాజెక్టుకు ఇంత ఏర్పాటు భారమే. అయినా కనీసం ఏ పత్రంలోని ఏ సమీకరణం నుంచి ఏ ఫంక్షన్ వచ్చిందో కామెంట్లో రాసుకోవడం ఎవరికైనా సాధ్యమే.

నిజంగా తిరగరాశారా, పేర్లు మార్చారా అన్నది బట్ట కోడ్‌లో తొందరగానే పట్టుబడుతుంది. కదులుతున్న త్రిభుజం, బిందువు ఏ క్షణంలో ఢీకొంటాయో తెలుసుకోవాలంటే, ఆ నాలుగు బిందువులూ ఒకే తలంలోకి వచ్చే క్షణాన్ని వెతకాలి. అది మూడో ఘాత సమీకరణం. దాన్ని సాధించేటప్పుడు సున్నాకు ఎంత దగ్గరైతే సున్నా అనుకోవాలి, మూలాలను ఏ వరుసలో పరీక్షించాలి, బట్ట మందం ఎంత అనుకోవాలి అన్నవి పత్రంలో ఉండవు. రాసే మనిషి ఏవో అంకెలు వేసి చూసి, బట్ట పేలిపోకుండా ఉన్నదాన్ని ఉంచుకుంటాడు. అలాంటి అంకెలు నాలుగు వేరే సిమ్యులేటర్‌లో ఉన్నవాటితో అచ్చంగా సరిపోయి, అక్కడున్న చిన్న లోపం కూడా ఇక్కడ కనిపిస్తే, పత్రం చదివి రాశానన్న మాట నిలబడదు.

విడుదలయ్యాక మార్చడం ఎందుకు కుదరదో కూడా ఈ అంకెలే చెబుతాయి. ఫైళ్లను అక్షర క్రమంలో పేర్చే కోడ్‌ను తీసేసి ఇంకోటి పెడితే వాడేవాళ్లకు తెలియదు, ఫలితం అదే. బట్ట అలా కాదు. ఒకే పత్రాన్ని చూసి ఇద్దరు రాసిన సాల్వర్లు ఒకే బట్టను వేరువేరుగా మడతపెడతాయి. మొదటి తాకిడిలో వచ్చిన వెంట్రుకవాసి తేడా, వంద ఫ్రేముల తర్వాత పూర్తిగా వేరే ముడత అవుతుంది. యానిమేటర్ మూడు రోజులు కూర్చుని గట్టితనం, గాలి వేగం సరిచేసుకుని, అంచు సరిగ్గా భుజం మీద పడేలా కుదుర్చుకుని ఉంటాడు. సాల్వర్ మారితే అంచు మెడలోకి దూరుతుంది. ఆ సెట్టింగులన్నీ పాత సాల్వర్ గుణదోషాలకు తగ్గట్టు అమర్చుకున్నవి. ముందే లెక్కకట్టి డిస్కులో దాచుకున్న షాట్లు బతికిపోతాయి, మళ్లీ లెక్కకట్టాల్సినవన్నీ మొదటికొస్తాయి. అందుకే లైసెన్స్ ప్రశ్నను 'ముందు కలిపేద్దాం, తర్వాత చూద్దాం' అనడం బట్ట విషయంలో మరీ ప్రమాదం.

ముందుచూపు ఉన్న ప్రాజెక్టులు సాల్వర్‌ను ఒక సన్నని ఇంటర్‌ఫేస్ వెనక ఉంచుతాయి, మిగతా కోడ్‌ను కదపకుండా దాన్ని మార్చుకునేందుకు. బ్లెండర్ సోర్స్‌లో సొంత సాల్వర్‌తో పాటు, మాత్రికల లెక్కలు చేసే ఐగెన్ లైబ్రరీ మీద రాసినది కూడా అదే ఇంటర్‌ఫేస్ వెనక కనిపిస్తుంది. ఐగెన్ 2012లో ఎల్‌జీపీఎల్ లైసెన్స్ నుంచి షరతులు తక్కువున్న ఎంపీఎల్ 2కు మారింది. అయినా వేరేచోట నుంచి తీసుకున్న కొన్ని ఫైళ్లు పాత లైసెన్స్‌తోనే మిగిలాయి. వాటిని పొరపాటున వాడితే కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ అక్కడే ఆపేసేలా, స్విచ్ లాంటి ఒక మాక్రో కూడా పెట్టారు. లైసెన్స్ తనిఖీని మనిషి జ్ఞాపకానికి వదలకుండా కంపైలర్‌కు అప్పగించడం, ఈ మొత్తం వ్యవహారంలో ఎవరికైనా తట్టిన చక్కటి ఉపాయాల్లో ఒకటి.

కలవని కోడ్‌ను వేరే ప్రోగ్రాంగా ఉంచడం ఇంకో దారి. మెష్‌ను, అంటే బట్ట బిందువుల వలను, ఫైల్‌లో రాసి ఇస్తే, అది విడిగా నడిచి, ఫలితాన్ని అలెంబిక్ అనే యానిమేషన్ ఫైల్‌గా తిరిగి ఇస్తుంది. రెండు వేర్వేరు ప్రోగ్రాంలు ఫైళ్లతోనో, కమాండ్ లైన్‌తోనో మాట్లాడుకుంటే అవి మామూలుగా వేర్వేరు రచనలే అన్నది ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెప్పే మాట. చట్టం ఒప్పుకున్నా కళాకారుడు ఒప్పుకోడు. ఒక సెట్టింగ్ కదిపి వెంటనే ముడత చూడాలనుకునే మనిషికి ఎగుమతి, దిగుమతి అంటే టెన్షన్. వారానికోసారి వాడే పెద్ద సిమ్యులేషన్‌కు అయితే పరవాలేదు.

పేటెంట్లు వేరే కథ. కాపీరైట్ వదిలేసిన పద్ధతిని పేటెంట్ పట్టుకోగలదు, అప్పుడు సొంతంగా రాసుకున్నా తప్పించుకోలేరు. త్రీడీ డేటాలోంచి ఉపరితలాన్ని గీసే మార్చింగ్ క్యూబ్స్ అనే అల్గారిథం మీద జనరల్ ఎలక్ట్రిక్ పేటెంట్ 2005 దాకా నడిచింది. డేటాను బొమ్మలుగా చూపే వీటీకే లైబ్రరీ అలాంటి కోడ్‌ను ప్రత్యేక ఫోల్డర్‌లో వేరుగా పెట్టి వాడేవాళ్లను హెచ్చరించేది. 2011లో డూమ్ 3 గేమ్ సోర్స్ విడుదలకు ముందు, క్రియేటివ్ కంపెనీ పేటెంట్ భయంతో దాని ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ నీడల కోడ్‌లో కొన్ని లైన్లు మార్చాల్సి వచ్చింది. పేటెంట్ దరఖాస్తు నుంచి మామూలుగా 20 ఏళ్లు ఉంటుంది కాబట్టి, 1998 నాటి పద్ధతుల మీద అప్పట్లో ఎవరైనా తీసుకుని ఉన్నా గడువు తీరిపోయింది. 2016 తర్వాతి కొత్త పద్ధతుల మీద ఉంటే ఇంకా చాలా కాలం బతికే ఉంటాయి. దేశాన్నిబట్టి కూడా మారుతుంది. భారత పేటెంట్ చట్టం 3(కె) అల్గారిథంలను పేటెంట్ పరిధిలోంచి నేరుగా తప్పించింది, అమెరికాలో 2014 నాటి సుప్రీంకోర్టు ఆలిస్ తీర్పు తర్వాత అలాంటి పేటెంట్లు గట్టిగా నిలబడటం కష్టమైంది కానీ పూర్తిగా పోలేదు. కొత్త పద్ధతి మీద మోజున్న ప్రాజెక్టుకు పాత పద్ధతే ఎక్కువ నిశ్చింత.

కోడ్ మీద ఇంత గొడవపడేవాళ్లు కూడా దాంతో వచ్చే డేటాను వదిలేస్తుంటారు. బ్లెండర్‌లో నూలు, డెనిమ్, తోలు, రబ్బరు, పట్టు అని ప్రీసెట్లు ఉంటాయి. అవి ఎవరో చేత్తో కుదుర్చుకున్న అంకెలైతే పేచీ లేదు. పరిశోధనశాలలో నిజమైన గుడ్డలను లాగి, వంచి కొలిచిన పట్టికలను తెచ్చుకుంటే సంగతి వేరు. కొలతలు వాస్తవాలే, వాస్తవాల మీద కాపీరైట్ లేదని అమెరికా కోర్టులు అంటాయి. యూరప్‌లో మాత్రం డేటాబేస్ తయారీకి పెట్టిన పెట్టుబడికి 1996 నాటి ఆదేశం ప్రకారం విడిగా రక్షణ ఉంది. పరీక్షల కోసం ప్యాచ్‌తో పాటు పంపే మనిషి బొమ్మ, చొక్కా మెష్ కూడా ఎక్కడి నుంచో దిగినవే అయ్యుంటాయి.

ఇప్పుడు కొత్తగా చేరిన తలనొప్పి, ఏఐ రాసిచ్చిన కోడ్. 'బరాఫ్ విట్కిన్ పద్ధతిలో సాల్వర్ రాయి' అంటే నిమిషంలో వస్తుంది. అది పత్రంలోంచి వచ్చిందా, ఎవరి రిపోజిటరీలోంచి వచ్చిందా అన్నది అడిగిన మనిషికీ తెలియదు. 2024లో లైనక్స్ పంపిణీ జెంటూ ఇలాంటి కోడ్‌ను తీసుకోబోమని తేల్చిచెప్పింది, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు దాన్ని కలుషితమైనదిగానే భావిస్తామంది. లైనక్స్ కెర్నల్ కోడ్ విషయంలో ఐబీఎం మీద ఎస్‌సీఓ కంపెనీ వేసిన దావా తర్వాత 2004లో మొదలైన సంతకం పద్ధతిని ఇవాళ చాలా ప్రాజెక్టులు వాడుతున్నాయి. ఈ కోడ్ ఇవ్వడానికి నాకు హక్కు ఉందని ప్రతి ప్యాచ్ కింద పంపినవాళ్లు పేరు రాయాలి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని సాల్వర్ కింద ఆ సంతకం పెట్టడం అంటే తెలియని విషయానికి పూచీ పడటమే.

ఒకసారి లోపలికి వచ్చిన కోడ్‌ను తీసేసినా కథ అక్కడితో ముగియదు. తాజా వెర్షన్‌లో ఫైల్ లేకపోయినా ప్రతి మార్పునూ దాచే గిట్ చరిత్రలో ఉంటుంది, అందరూ డౌన్‌లోడ్ చేసుకున్న పాత విడుదలల్లో ఉంటుంది. చరిత్రను తిరగరాస్తే దాన్నుంచి ఇతరులు చీల్చుకుని నడుపుతున్న ప్రతి ఫోర్కూ విరుగుతుంది. కొన్ని ప్రాజెక్టులు దాన్ని అలాగే వదిలేస్తాయి, కొన్ని పాత విడుదలలను సర్వర్ నుంచి తొలగిస్తాయి. ఈలోగా డెబియన్ లాంటి పంపిణీల వాళ్లు అసలు సోర్స్ ప్యాకేజీని విప్పి, ఆ ఫైళ్లు తీసేసి, వెర్షన్ పేరు చివర డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలకు గుర్తుగా డీఎఫ్ఎస్‌జీ అని తగిలించి మళ్లీ కడతారు. ఆ ప్యాకేజీ వేసుకున్నవాళ్లకు మెనూలో బట్ట ఆప్షన్ ఉండదు, ఎందుకు లేదని బగ్ రిపోర్టులు మాత్రం మూల ప్రాజెక్టుకే వస్తాయి.